కేసీఎల్–కేబీఆర్ మిశ్రమ స్ఫటికాలు ఎక్స్‌ఆర్‌డీ కింద: బరంపురం ప్రాజెక్టు డైరీ

పొటాషియం క్లోరైడ్ (ఇకపై కేసీఎల్), పొటాషియం బ్రోమైడ్ (కేబీఆర్) ఏ నిష్పత్తిలో కలిపినా ఒకే స్ఫటికంగా కుదురుకుంటాయి. క్లోరిన్ అయాన్ వ్యాసార్ధం 1.81 ఆంగ్‌స్ట్రామ్‌లు, బ్రోమిన్‌ది 1.96. తేడా ఎనిమిది శాతమే కాబట్టి ఒకదాని గదిలో ఇంకొకటి ఇముడుతుంది. బ్రోమిన్ పెరిగేకొద్దీ లాటిస్ (అయాన్ల వరుస అల్లిక; కింద లాటిస్‌కు అంకె ఇచ్చిన చోట అది ఆ అల్లికలో ఒక గది పొడవు) సాగుతుంది. ఎంత సాగిందో ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటికం మీద పడ్డ ఎక్స్‌రేలు ఏయే కోణాల్లో బలంగా మళ్లుతాయో చూసే పద్ధతి; ఆ కోణాల దగ్గర లేచే శిఖరాలే పీక్‌లు) కొలిస్తే ఎంత బ్రోమిన్ చేరిందో తెలుస్తుంది. నార్వే శాస్త్రవేత్త లార్స్ వెగార్డ్ పేరుతో వ్యవహరించే సరళరేఖ నియమం ఇదే. మన తెలుగు నేల మీద వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో సిర్‌దేశ్‌ముఖ్, సుభద్ర వంటి వారు ఆల్కలీ హాలైడ్ల (కేసీఎల్, కేబీఆర్ తరహా లవణాల) మీద చాలాకాలం పని చేశారు. కనుక విషయం కొత్తది కాదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా దీన్ని ఎత్తుకునేవారికి ఎక్కడ దెబ్బ తగులుతుందో చెప్పడమే ఈ డైరీ పని.

ప్రశ్న ఒక్కటే: తక్కెడలో వేసిన నిష్పత్తి స్ఫటికంలోకి దిగిందా, లేదా?

దశ 1: తూకం

ఏఆర్ గ్రేడ్ (విశ్లేషణకు తగినంత శుద్ధమైన) ఉప్పులే వాడాలి. బరంపురం ఉన్న ఒడిశా గంజాం జిల్లాలోనే హుమ్మా దగ్గరి కొటార్ల ఉప్పు చేతికి అందేంత దూరంలో ఉంది. సోడియం క్లోరైడ్ అవసరమైన చోట (ఏడో దశ) దాన్నే వాడదామనిపిస్తుంది, కానీ వద్దు. సముద్రపు ఉప్పులో జిప్సం ఉంటుంది. స్కాన్‌లో 11.6 డిగ్రీల కోణం దగ్గర దాని పీక్ వస్తుంది. పైగా అందులోని మెగ్నీషియం క్లోరైడ్ తేమను లాగి పొడిని ముద్ద చేస్తుంది.

తూకంలో తరచూ జరిగే పొరపాటు బరువును మోల్ అనుకోవడం. చెరో 5 గ్రాములు కలిపితే సగం-సగం కాదు. కేసీఎల్ మోలార్ ద్రవ్యరాశి 74.55, కేబీఆర్‌ది 119.00 కాబట్టి ఆ మిశ్రమంలో బ్రోమైడ్ వాటా 38.5 మోల్ శాతమే. 10 గ్రాముల బ్యాచ్‌లకు సరైన తూకాలు ఇవి:

1. బ్రోమైడ్ 25 మోల్ శాతం: కేసీఎల్ 6.527 గ్రా., కేబీఆర్ 3.473 గ్రా.
2. బ్రోమైడ్ 50 మోల్ శాతం: కేసీఎల్ 3.852 గ్రా., కేబీఆర్ 6.148 గ్రా.
3. బ్రోమైడ్ 75 మోల్ శాతం: కేసీఎల్ 1.727 గ్రా., కేబీఆర్ 8.273 గ్రా.

తూచే ముందు రెండు ఉప్పుల్నీ మెత్తగా నూరి 200 డిగ్రీల సెల్సియస్‌లో 4 గంటలు ఆరబెట్టాలి. ఈ పని మూడో దశలో ప్రాణం కాపాడుతుంది. ఎందుకో అక్కడ చెప్తాం.

*ఇప్పటిదాకా వాడిన ఉప్పు: కేసీఎల్ 12.11 గ్రా., కేబీఆర్ 17.89 గ్రా.*

దశ 2: నీటి ద్రావణం నుంచి స్ఫటికాలు (ఈ దారి వదిలేశాం)

ఖర్చు లేని దారి కాబట్టి అందరూ ముందు ఇటే వస్తారు. రెండో బ్యాచ్‌ను 25 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 60 డిగ్రీల దగ్గర కరిగించి, వడకట్టి, బీకరు మీద చిల్లులు పొడిచిన కాగితం కట్టి ఉంచితే కొన్నాళ్లకు చక్కని ఘనాలు దిగుతాయి. కళ్లకు ముచ్చటగానే ఉంటాయి. స్కాన్ మాత్రం వేరే కథ చెప్తుంది.

శుద్ధ కేసీఎల్‌లో (200) పీక్ (ఈ మూడంకెలు స్ఫటికంలోని ఏ పొరల వరస నుంచి పీక్ వచ్చిందో చెప్తాయి) 28.34 డిగ్రీల దగ్గర, శుద్ధ కేబీఆర్‌లో 26.99 దగ్గర వస్తుంది (కోణాలన్నీ టూ-థీటా, అంటే ఎక్స్‌రే దారి మళ్లిన మొత్తం కోణం; ఎక్స్‌రే కాపర్ కే-ఆల్ఫా-1, తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు). సగం-సగానికి 27.65 రావాలి. ముందుగా దిగిన ఘనాలను ఏరి స్కాన్ చేస్తే పీక్ 28.0 దగ్గర కనిపించింది. అంటే బ్రోమైడ్ 24 శాతమే. అడుగున చివరికి ఆరిన పొర 27.2 వైపు జరిగింది, అంటే 80 శాతం పైనే. మొత్తం కలిపి నూరితే ఈ రెంటి మధ్య పరుచుకున్న గుట్ట మిగిలింది. దానికి కొన ఎక్కడని చెప్పలేం.

కారణం ద్రావణీయత. 100 గ్రాముల నీటిలో గది వేడి దగ్గర కేసీఎల్ సుమారు 35 గ్రాములు కరిగితే, కేబీఆర్ దానికి దాదాపు రెట్టింపు కరుగుతుంది. తక్కువ కరిగేది ముందు ఘనీభవిస్తుంది. ద్రావణంలో బ్రోమైడ్ పోగవుతూ పోతుంది, ఆ తర్వాత దిగే ప్రతి పొరా వెనకటి పొరకంటే బ్రోమైడ్ ఎక్కువున్నదే అవుతుంది. ఒకే ఘనం లోపల కూడా నడిమి భాగం ఒక నిష్పత్తి, అంచు ఇంకో నిష్పత్తి.

బీకరు పెద్దది చేసినా, ఆరే వేగం తగ్గించినా ఇది పోదు. ద్రావణం పద్ధతే కావాలంటే, పెద్ద ద్రావణం నుంచి మొదట దిగిన కొద్దిపాటి స్ఫటికాలు మాత్రమే తీసుకుని మిగతాది వదిలేయాలి. అప్పుడు ఆ స్ఫటికాల నిష్పత్తి టైట్రేషన్‌తో విడిగా తేల్చాలి, తక్కెడ లెక్క అక్కడ చెల్లదు.

దశ 3: కరిగించి చల్లార్చడం

కేసీఎల్ 770 డిగ్రీలకు, కేబీఆర్ 734కు కరుగుతాయి. మఫిల్ ఫర్నేస్ 820కి చేరగలిగితే చాలు.

1. ఆరబెట్టిన ఉప్పులు తూచి, అగేట్ కల్వంలో పది నిమిషాలు కలిపి నూరాలి.
2. మూతున్న అల్యూమినా క్రూసిబుల్‌లో సగానికి మించకుండా నింపాలి. కరిగిన ఉప్పు గోడ వెంట పైకి పాకి అంచు దాటుతుంది.
3. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 820కి తీసుకెళ్లి, 20 నిమిషాలు మాత్రమే ఉంచాలి. ఇంకా ఉంచితే ఆవిరి నష్టం పెరుగుతుంది.
4. ఫర్నేస్‌లోనే చల్లారనిచ్చి, 150 డిగ్రీల దగ్గర తీసి నేరుగా డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పెట్టాలి.
5. నూరి, తిరిగి 600 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచాలి.

మొదటి దశలో నూరి ఆరబెట్టమన్నది ఇందుకే. సీసాలోంచి తీసిన కేసీఎల్ పలుకుల లోపల తల్లిద్రావణం (అవి దిగిన మూల ద్రావణం) చుక్కలు చిక్కుకుని ఉంటాయి. నూరకుండా వేడి చేస్తే అవి ఆవిరై పలుకు చిటపట పగిలి క్రూసిబుల్ బయటికి ఎగురుతుంది. కరిగిన ఉప్పులో తడి తగిలితే ఇంకా ప్రమాదం. పటకారు కొనలు ఫర్నేస్ మూతి దగ్గర వేడి చేసుకున్నాకే లోపల పెట్టాలి. ముఖానికి షీల్డు లేకుండా తలుపు తెరవకూడదు.

తేమ ఉన్న గాలిలో ఎక్కువసేపు కరిగించి ఉంచితే ఉప్పు కొంచెం క్షారంగా మారుతుంది. చిటికెడు నీటిలో కరిగించి ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది. రంగు కనిపించిన బ్యాచ్‌ను కొలతకు వాడలేదు.

ఐదో మెట్టు అనవసరం అనిపించవచ్చు. చల్లారేటప్పుడు ముందు గడ్డకట్టిన భాగానికీ వెనక గడ్డకట్టిన భాగానికీ నిష్పత్తిలో చిన్న తేడా మిగులుతుంది. 600లో పెట్టక ముందు (200) పీక్ సగం ఎత్తు దగ్గర వెడల్పు 0.25 డిగ్రీలు ఉంది. పెట్టాక 0.12కు దిగింది. ఈ దశలో సమయం పెట్టడం వృథా కాదు.

కరెంటు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం గాలివానకు కరెంటు పోతే చాలా కంట్రోలర్లు తిరిగి వచ్చాక ప్రోగ్రాం మొదటి నుంచి ఎత్తుకుంటాయి. 12 గంటలు నడిచిందో, మధ్యలో ఆగి మళ్లీ మొదలైందో పొద్దున చూస్తే తెలియదు. ఫర్నేస్ ప్లగ్గు పాయింటుకే ఒక చవక గోడ గడియారం (కరెంటుతో నడిచేది) తగిలించండి. అది వెనకపడ్డ సమయమే కరెంటు లేని సమయం.

*ఇప్పటిదాకా వాడిన ఉప్పు (అదే మూడు బ్యాచ్‌లు మళ్లీ, శుద్ధ నమూనాలు చెరో 5 గ్రా. కలిపి): కేసీఎల్ 29.21 గ్రా., కేబీఆర్ 40.79 గ్రా.*

దశ 4: నూరడం, తేమ

ఈ ఉప్పులు (100) ముఖం వెంట చీలుతాయి. నూరినా పలుకులు చిన్న చిన్న పలకలుగానే మిగిలి, హోల్డర్‌లో అద్ది నొక్కితే అన్నీ వెల్లకిలా పడుకుంటాయి. అప్పుడు (200), (400) ఉన్నదానికంటే ఎత్తుగా, మిగతావి పొట్టిగా కనిపిస్తాయి. 325 మెష్ జల్లెడ దాటేదాకా నూరి, హోల్డర్‌ను పక్కనుంచి నింపితే చాలావరకు తగ్గుతుంది. గాజు పలకతో పైనుంచి గట్టిగా నొక్కడం మానేయాలి.

అసలు శత్రువు తేమ. 25 డిగ్రీల దగ్గర సోడియం క్లోరైడ్ 75 శాతం సాపేక్ష తేమ దాటితే, కేబీఆర్ 81 దాటితే, కేసీఎల్ 84 దాటితే గాలిలోని నీటిని పీల్చి కరగడం మొదలుపెడతాయి. గోపాల్‌పూర్ తీరం నుంచి బరంపురం దాకా వానాకాలపు గాలి తరచూ ఈ గీతలు దాటే ఉంటుంది. పొడి మీద నీటి పొర ఏర్పడితే పీక్ బలహీనపడటమే కాదు, అసలు నిష్పత్తే మారుతుంది. కరిగించకుండా ఊరికే కలిపిన కేసీఎల్, కేబీఆర్ పొడులను తడి గాలిలో వదిలితే వాటి విడి పీక్‌లు రెండూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. నీటి పొర ద్వారా అయాన్లు చోటు మార్చుకుంటున్నాయన్నమాట. “కలపని నమూనా” అని పోలికకు ఉంచుకున్నది నిజంగా కలవకుండా ఉందో లేదో స్కాన్ చేసేముందు చూసుకోవాలి.

మేం పాటించిన పద్ధతి:

1. నూరడం, నింపడం పనులు దసరా తర్వాత నుంచి శివరాత్రి లోపు పెట్టుకోవడం.
2. నూరాక 120 డిగ్రీల దగ్గర 2 గంటలు, వెంటనే సిలికా జెల్ ఉన్న బిగుతు మూత సీసాలోకి.
3. స్కాన్ ఉన్న ఊరికి బస్సులో తీసుకెళ్లేటప్పుడు సీసాను రెండో డబ్బాలో పెట్టి, దాంట్లోనూ సిలికా జెల్.
4. సీసా మీద పేరు కాక నిష్పత్తి అంకె మాత్రమే. ల్యాబులో ఒడియా, తెలుగు, ఇంగ్లిషు మూడూ నడుస్తాయి. అంకె మూడింటిలోనూ ఒక్కటే.

తేమ రాకుండా హోల్డర్ మీద పల్చని ఫిల్మ్ వేసేవాళ్లు పాలిస్టర్ ఫిల్మ్ వాడకండి. దానికి 26 డిగ్రీల దగ్గర సొంత పీక్ ఉంది, కేబీఆర్ (200) పక్కనే వచ్చి కూర్చుంటుంది.

దశ 5: స్కాన్, ఎత్తు తప్పు

ముందు 20 నుంచి 80 డిగ్రీల దాకా, 0.02 డిగ్రీల అడుగుతో (స్టెప్), అడుగుకు 1 సెకను: 50 నిమిషాలు. ఇది ఏయే పీక్‌లు ఉన్నాయో చూడటానికి. తర్వాత 62.5 నుంచి 67 దాకా, 0.01 అడుగుతో, అడుగుకు 5 సెకన్లు. కొలత మొత్తం ఇక్కడే, (420) పీక్ మీద.

(200) ఎత్తైనది, కొన స్పష్టంగా ఉంటుంది. దాన్ని ఎందుకు వదిలేయాలో ఈ లెక్క చెప్తుంది. హోల్డర్‌లో పొడి ఉపరితలం ఉండాల్సిన ఎత్తుకన్నా దిగి ఉంటే అన్ని పీక్‌లూ తక్కువ కోణానికి జరుగుతాయి:

జరుగుడు (రేడియన్లలో) = 2 × ఎత్తు తేడా × కాస్ థీటా ÷ గోనియోమీటర్ వ్యాసార్ధం (నమూనా నుంచి డిటెక్టర్‌కు దూరం)

బల్ల మీద పెట్టే చిన్న యంత్రంలో వ్యాసార్ధం 150 మి.మీ. అనుకుంటే, 0.1 మి.మీ. పల్లానికి:

- (200) దగ్గర 0.074 డిగ్రీల జరుగుడు. లాటిస్‌లో 0.017 ఆంగ్‌స్ట్రామ్‌ల తప్పు.
- (420) దగ్గర 0.065 డిగ్రీల జరుగుడు. లాటిస్‌లో 0.006 ఆంగ్‌స్ట్రామ్‌ల తప్పు.

కేసీఎల్ లాటిస్ 6.2931, కేబీఆర్‌ది 6.6005. రెంటి మధ్య మొత్తం దూరం 0.3074 ఆంగ్‌స్ట్రామ్‌లే. అంటే ఒక్క కాగితం మందమంత పల్లం (200) మీద 5.5 మోల్ శాతం, (420) మీద 2 మోల్ శాతం లేని బ్రోమైడ్‌ను పుట్టిస్తుంది. పొడి పల్చగా నింపినా, హోల్డర్ పెట్టేటప్పుడు కుదుపుకు కుంగినా ఇంత తేడా వస్తుంది.

దీనికి మందు పొడిలోనే 10 శాతం సిలికాన్ పొడి కలపడం. సిలికాన్ లాటిస్ 5.431 ఆంగ్‌స్ట్రామ్‌లు, దాని పీక్‌లు ఎక్కడ రావాలో ముందే తెలుసు. ఇక్కడ కొన్ని గుంటలున్నాయి:

1. సిలికాన్ (111) 28.44లో వస్తుంది. కేసీఎల్ (200) 28.34లో. రెండూ కలిసిపోతాయి, దాని జోలికి వెళ్లొద్దు.
2. సిలికాన్ (220) 47.30. శుద్ధ కేబీఆర్ (222) 47.69లో ఉన్నా విడిగా కనిపిస్తుంది. దీన్నే వాడాం.
3. సిలికాన్ (311) 56.12. బ్రోమైడ్ 80 శాతం దాటితే ఉప్పు (400) దీని మీదికి వస్తుంది. అక్కడ (331), 76.38 వాడాలి.

ఇంకో మోసం: (420) పీక్ రెండుగా చీలి కనిపిస్తే రెండు ఫేజ్‌లు (వేర్వేరు నిష్పత్తుల స్ఫటికాలు) వచ్చాయని కంగారు పడొద్దు. కాపర్ గొట్టం నుంచి కే-ఆల్ఫా-1, కే-ఆల్ఫా-2 రెండూ వస్తాయి. 64.6 దగ్గర వాటి ఎడం 0.18 డిగ్రీలు. పెద్దదానికి సగం ఎత్తున, ఎప్పుడూ కుడివైపున ఉంటే అది కే-ఆల్ఫా-2. నిజమైన రెండో ఫేజ్ అయితే (200) దగ్గరా చీలిక అంతో ఇంతో కనిపిస్తుంది, ఎడం కూడా ఈ లెక్కకు సరిపడదు.

చూడదగ్గది మరొకటి ఉంది. శుద్ధ కేసీఎల్ స్కాన్‌లో (111), (311) దాదాపు మాయం. పొటాషియం అయాన్‌కూ క్లోరిన్ అయాన్‌కూ ఎలక్ట్రాన్లు 18 చొప్పున సమానం కాబట్టి ఎక్స్‌రేకు రెండూ ఒకేలా కనిపిస్తాయి, బేసి పీక్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బ్రోమైడ్ అయాన్‌కు 36. కాబట్టి బ్రోమైడ్ చేరేకొద్దీ (111) లేచి వస్తుంది. లాటిస్ లెక్క ఒక సంగతి, (111) ఎత్తు ఇంకో సంగతి చెప్తుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

దశ 6: లెక్క

సగం-సగం నమూనాకు ఒక లెక్క పూర్తిగా:

1. సిలికాన్ (220) 47.30కి బదులు 47.23లో కనిపించింది. 0.07 డిగ్రీల జరుగుడు, అంటే 0.1 మి.మీ. పల్లం.
2. (420) కనిపించింది 64.51లో. దిద్దకుండా లెక్కిస్తే లాటిస్ 6.455, బ్రోమైడ్ 52.6 శాతం.
3. 0.065 కలిపితే 64.575. లాటిస్ 6.449, బ్రోమైడ్ 50.7 శాతం.
4. స్కాన్ గది 33 డిగ్రీలుంది. పుస్తకాల్లోని లాటిస్ విలువలు 25 దగ్గరివి. ఈ ఉప్పుల రేఖీయ వ్యాకోచం డిగ్రీకి లక్షలో 3.8 వంతులు. 8 డిగ్రీలకు 0.002 ఆంగ్‌స్ట్రామ్‌లు తీసేస్తే 6.447, బ్రోమైడ్ 50.1 శాతం.

నాలుగో మెట్టును చాలా రిపోర్టుల్లో వదిలేస్తారు. వదిలేస్తే మూడు నమూనాలూ వెగార్డ్ గీతకు 0.002 పైన కూర్చుంటాయి. దాన్ని “ధన విచలనం” అని రాసేయడం సులువు. ఏసీ పనిచేయని గది వేడిని స్ఫటికం గుణంగా రాసినట్టవుతుంది. 25కు దించాక మా విలువలు 6.370, 6.447, 6.524. గీత మీది విలువలు 6.3700, 6.4468, 6.5237. మా పద్ధతికి 0.002 అటూ ఇటూ ఎలాగూ ఉంది కాబట్టి, ఇంతకన్నా చిన్న విచలనం ఉందో లేదో ఈ కొలతతో చెప్పకూడదు.

ఎక్స్‌ఆర్‌డీని దానితోనే సరిచూసుకుంటే సరిపోదు. సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్ పాతకాలపుదే అయినా ఇక్కడ బలమైన సాక్షి. నమూనాను 0.2000 గ్రా. తూచి, పొటాషియం క్రోమేట్ సూచికతో, 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్ పోయాలి. శుద్ధ కేసీఎల్ అయితే 26.83 మి.లీ., శుద్ధ కేబీఆర్ అయితే 16.81, సగం-సగం అయితే 20.67 పడుతుంది. మాకు పట్టింది 20.65, అంటే బ్రోమైడ్ 50.2 శాతం. బ్యూరెట్‌లో 0.1 మి.లీ. తప్పు చదివితే ఫలితం 1 మోల్ శాతం కదులుతుంది. తూచే పొడిలో అర శాతం తేమ ఉన్నా అంతే కదులుతుంది. సిలికాన్ కలపని పొడితోనే చేయాలి. వెండి అవక్షేపాన్ని సింకులో పోయకుండా వేరే సీసాలో పోగేయండి.

దశ 7: కుదరని జంట

పోలిక కోసం సోడియం క్లోరైడ్–కేసీఎల్. సోడియం అయాన్ 1.02 ఆంగ్‌స్ట్రామ్‌లు, పొటాషియం 1.38. ఇంత తేడా ఉన్నవి సుమారు 500 డిగ్రీల పైన మాత్రమే అన్ని నిష్పత్తుల్లో కలిసి ఉంటాయి. చల్లారితే విడిపోతాయి.

1. సోడియం క్లోరైడ్ 4.394 గ్రా., కేసీఎల్ 5.606 గ్రా. (సగం-సగం మోల్). ఈ జంట శుద్ధ ఉప్పుల కంటే చాలా ముందే, 660 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. 750 చాలు.
2. గడ్డకట్టాక 620 దగ్గర 6 గంటలు.
3. ఒక సగం ఫర్నేస్‌లోనే నెమ్మదిగా చల్లార్చాలి. రెండో సగాన్ని వేడిగా ఉండగానే మందపాటి, పూర్తిగా పొడిగా ఉన్న స్టీలు పలక మీద కుమ్మరించాలి. నీళ్లలో ముంచే ఆలోచన వద్దు.

నెమ్మదిగా చల్లారినదానిలో సోడియం క్లోరైడ్ (200) 31.7 దగ్గర, కేసీఎల్ (200) 28.3 దగ్గర విడివిడిగా నిలబడ్డాయి. పలక మీద చల్లార్చినదానిలో రెంటికీ నడుమ, 29.9 ప్రాంతంలో, వెడల్పాటి ఒకే పీక్. కలిసి ఉండకూడని వేడిలో కలిసి ఉండిపోయిన స్థితి అది. నూరడానికి ఆలస్యం చేస్తే, గాలి తడిగా ఉంటే, రెండు పక్కలా చిన్న భుజాలు లేస్తాయి. అందుకే ఈ నమూనాకు సిలికాన్ కలపడం, టైట్రేషన్ అన్నీ తర్వాతకు వాయిదా వేసి ముందు స్కాన్ చేయాలి.

అదే పొడిని 300 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి తిరిగి చూస్తే 29.9 పీక్ పోయి, అటూ ఇటూ రెండు వచ్చాయి. అయితే అవి 31.70, 28.34ల కంటే కొంచెం లోపలికి, ఒకదానివైపు ఒకటి జరిగి ఉన్నాయి. ఆ వేడి దగ్గర ఒకదానిలో ఒకటి కరగగలిగిన కొద్దిపాటి వాటా ఇంకా లోపలే ఉంది. ఎంతన్నది తేల్చాలంటే 200, 300, 400 డిగ్రీలకు వేర్వేరు భాగాలు పెట్టి, ఐదో దశలోలాగే సిలికాన్ కలిపి (420) మీద కొలవాలి. సోడియం క్లోరైడ్ (420) 75.3 దగ్గర వస్తుంది కాబట్టి రెండో స్కాన్‌ను 78 దాకా పొడిగించాలి, అప్పుడు సిలికాన్ (331) కూడా అందులోనే పడుతుంది.

*ఇప్పటిదాకా వాడిన ఉప్పు: కేసీఎల్ 34.82 గ్రా., కేబీఆర్ 40.79 గ్రా., సోడియం క్లోరైడ్ 4.39 గ్రా.*